1922లో వీలునామాలన్నీ కాలిపోయాయట, మా మామగారి ముత్తాత వివరాలు దొరికే దారి ఉందా?

కార్క్ కోడలు:

అందరికీ నమస్తే. పెళ్లయ్యాక ఐర్లండ్ వచ్చి పదకొండేళ్లయింది. మావారిది కార్క్ కౌంటీలో పడమటి వైపు, సముద్రం దగ్గర చిన్న పల్లె. మామగారికి 78 ఏళ్లు. ఈ మధ్య ఆయనకు ఒకటే ధ్యాస, మా తాత తండ్రి ఎవరో, ఎలా బతికాడో తెలుసుకోకుండానే పోతానేమో అని. భోజనం దగ్గర కూడా అదే మాట, వింటుంటే నాకు మనసాగట్లేదు.

ఇప్పటివరకు నేను తెలుసుకున్నది ఇంతే. 1901 జనాభా లెక్కలు నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల సైట్‌లో ఉచితంగా ఉన్నాయి, అందులో మామగారి తాత దొరికాడు, 29 ఏళ్లు, రైతు. అదే ఇంట్లో ఆయన తల్లి కూడా ఉంది, 'విధవ' అని రాశారు. అంటే ముత్తాత 1872కీ 1901కీ మధ్య ఎప్పుడో పోయాడన్నమాట. ఇంటిపేరు ఓసల్లివన్. ఆ చుట్టుపక్కల రాయి విసిరితే ఓసల్లివన్‌కే తగులుతుంది, అంతమంది ఉన్నారు!

వంశవృక్షాలు చూసిపెట్టే ఒకాయనకు డబ్బు కట్టి అడిగితే, వీలునామాలన్నీ 1922లో డబ్లిన్‌లో తగలబడిపోయాయి, వెతకడం దండగ అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. నిజంగా అంతేనా? ఇంకో సంగతి, ముత్తాత అన్న ఒకాయన సిపాయిగా మద్రాసు వెళ్లి అక్కడే పోయాడని ఇంట్లో చెప్పుకుంటారు. దానికైనా ఆధారం దొరుకుతుందా? ఇలాంటివి వెతికినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

పాత నకళ్లు:

అమ్మా, కాలిపోయిన మాట నిజమే, కానీ వెతకడం దండగ అన్నది మాత్రం పచ్చి అబద్ధం. ఇది చదివి ఊరుకోలేక రాస్తున్నాను, పెద్దదైతే ఏమీ అనుకోకండి.

1922 జూన్ 30న, అంతర్యుద్ధం మొదలైన రోజుల్లో, డబ్లిన్ ఫోర్ కోర్ట్స్ భవనాల్లోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసు పేలిపోయి కాలిపోయింది. ఏడు వందల ఏళ్ల కాగితాలు బూడిదయ్యాయి, 1900 దాకా ఉన్న అసలు వీలునామాలు దాదాపు అన్నీ పోయాయి. అయితే పోయింది అసలు. నకలు పోలేదు. మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు రిజిస్టర్ చేస్తే పుస్తకంలో ఒక కాపీ ఉంటుంది కదా, అలాగే అనుకోండి.

1858 జనవరికి ముందు వీలునామాలను ప్రొబేట్ చేసేది, అంటే చెల్లుతాయని ఆమోదించేది, చర్చి కోర్టులు, అదీ ప్రభుత్వ మతమైన చర్చ్ ఆఫ్ ఐర్లండ్ కోర్టులే, చనిపోయినవాడు కాథలిక్ అయినా సరే అక్కడికే వెళ్లాలి. 1857 చట్టం దాన్ని తీసేసి డబ్లిన్‌లో ఒక ప్రధాన రిజిస్ట్రీ, బయట పదకొండు జిల్లా రిజిస్ట్రీలు పెట్టింది. ఆ పదకొండులో కార్క్ ఒకటి, అదే మీ అదృష్టం. జిల్లా రిజిస్ట్రీలో ప్రొబేట్ అయిన ప్రతి వీలునామానూ గుమాస్తా పెద్ద పుస్తకంలోకి అక్షరం అక్షరం ఎత్తి రాసేవాడు. ఆ పుస్తకాలు డబ్లిన్ మంటల్లో పడలేదు. 1858 నుంచి 1900 వరకు ఉన్న ఆ రిజిస్టర్లను నేషనల్ ఆర్కైవ్స్ స్కాన్ చేసి వంశచరిత్ర సైట్‌లో ఉచితంగా పెట్టింది. డబ్లిన్ ప్రధాన రిజిస్ట్రీ పుస్తకాలు మాత్రం చాలావరకు పోయాయి, అక్కడ ప్రొబేట్ అయినవాళ్ల వారసులకు నిజంగానే కష్టం.

మీరు ముందు చూడాల్సింది క్యాలెండర్ పుస్తకాలు. పేరు విని పంచాంగం అనుకోకండి, ఏటా ఆ సంవత్సరంలో ఇచ్చిన ప్రొబేట్లన్నీ అక్షరక్రమంలో అచ్చువేసిన జాబితా అది. 1858 నుంచి 1920 దాకా ఆన్‌లైన్‌లో ఉన్నాయి. ఒక్కో నమోదు ఐదారు లైన్లే. ఆస్తి విలువ ఎన్ని పౌండ్లు, చనిపోయినవాడి పేరు, ఊరు, వృత్తి, ఏ రోజు ఎక్కడ పోయాడు, ఏ రిజిస్ట్రీలో ఎవరికి అనుమతి ఇచ్చారు, ఆ మనిషి చనిపోయినవాడికి ఏమవుతాడు, అన్నీ అందులోనే ఉంటాయి. వీలునామా రాయకుండా పోయినా, ఇంట్లోవాళ్లు లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్, అంటే ఆస్తి చక్కబెట్టడానికి కోర్టు అనుమతి, తీసుకుని ఉంటే ఆ నమోదు కూడా ఇందులోనే కనిపిస్తుంది. 'విధవకు ఇచ్చాము', 'తమ్ముడికి ఇచ్చాము' అన్న ఆ ఒక్క మాట చాలు, చుట్టరికం తేలిపోతుంది.

జాగ్రత్త ఒకటి. క్యాలెండర్‌లో సంవత్సరం అంటే ప్రొబేట్ ఇచ్చిన సంవత్సరం, చనిపోయిన సంవత్సరం కాదు. పల్లెల్లో చాలామంది వీలునామా పెట్టెలో పెట్టుకుని ఏళ్ల తరబడి కోర్టు మొహం చూసేవాళ్లు కాదు, భూమి హక్కు కాగితం చూపించాల్సిన అవసరం పడితేనే వెళ్లేవాళ్లు. అందుకని 1901 దగ్గర ఆపేయకండి, ఇంకో పది పదిహేనేళ్లు ముందుకు వెళ్లి చూడండి.

కౌలు రైతుకి వీలునామా ఏముంటుంది అనుకోవద్దు. భూమి దొరదే అయినా కౌలు హక్కు వీడిది, దాన్ని కొడుక్కి రాయొచ్చు, చాలామంది రాశారు. ఇక ఆ వంశంలో ఎవరైనా కాథలిక్ ఫాదర్ ఉంటే ఆయన వీలునామా తప్పకుండా చూడండి. పిల్లల్లేరు కాబట్టి అన్నదమ్ములకీ, అక్కచెల్లెళ్ల పిల్లలకీ పేరుపేరునా రాసిపెట్టేవాళ్లు. అలాంటి వీలునామా ఒక్కటి దొరికితే మూడు తరాలు బయటపడతాయి, నాకు అలాగే బయటపడ్డాయి.

బెల్‌ఫాస్ట్ డాక్టర్:

పై వారు బాగా చెప్పారు. ఒక్కటి కలుపుతాను. ఇంటిపేరు ముందు 'ఓ' పెట్టి మాత్రమే వెతక్కండి. 19వ శతాబ్దంలో చాలా కుటుంబాలు 'ఓ' వదిలేశాయి, తర్వాత జాతీయోద్యమం రోజుల్లో మళ్లీ తగిలించుకున్నాయి. 1880ల కాగితాల్లో ఉత్త సల్లివన్ అనే ఉండొచ్చు, 'ల' ఒకటా రెండా అన్నది కూడా గుమాస్తా ఇష్టం. పేరుతో కంటే టౌన్‌ల్యాండ్‌తో, అంటే ఊరికంటే చిన్నదైన ఆ భూభాగం పేరుతో వెతికితే తొందరగా తేలుతుంది. ఐర్లండ్‌లో టౌన్‌ల్యాండ్‌లు అరవై వేలకు పైనే ఉన్నాయి, మీకు కావలసింది ఒక్కటే కదా.

అందరూ సల్లివన్లే అయిన చోట గ్రిఫిత్ వాల్యుయేషన్ చూడండి. 1847 నుంచి 1864 మధ్య ఎవరి దగ్గర ఎంత భూమి ఉందో లెక్కకట్టిన జాబితా అది. ఒకే పేరు ఇద్దరికి ఉంటే పక్కనే కుటుంబం మారుపేరు కూడా రాశారు. 'రో' అంటే ఎర్ర జుట్టువాళ్లు, 'బాన్' అంటే తెల్ల జుట్టువాళ్లు. మన ఊళ్లలో ఎర్ర వెంకయ్య, పొట్టి వెంకయ్య అన్నట్టే. మీ మామగారిని అడగండి, మిమ్మల్ని ఏ సల్లివన్లు అంటారు అని. పెద్దవాళ్లకు అది ఠక్కున గుర్తుంటుంది.

ఇది చదివే వేరేవాళ్ల కోసం ఇంకో మాట. కుటుంబం ఉత్తరాన ఉంటే, ఆర్మా, బెల్‌ఫాస్ట్, లండన్‌డెర్రీ రిజిస్ట్రీల వీలునామాలు ఇక్కడ బెల్‌ఫాస్ట్‌లోని ప్రోనిలో, అంటే ఉత్తర ఐర్లండ్ ప్రభుత్వ రికార్డుల ఆఫీసులో ఉన్నాయి, 1858 నుంచి 1900 వరకు స్కాన్లు ఉచితమే.

లాలాగూడ:

మద్రాసు సిపాయి అనగానే ఆగిపోయాను. మా అమ్మమ్మ వాళ్లు ఆంగ్లో ఇండియన్లు, నేను పుట్టి పెరిగింది సికింద్రాబాద్ లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో. అమ్మమ్మ తాత కూడా ఐర్లండ్ నుంచి వచ్చిన సిపాయే, ఆయన్ని వెతకడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. అందుకే మీ బాధ నాకు తెలుసు చెల్లెమ్మా.

ఈస్ట్ ఇండియా కంపెనీ తెల్ల సిపాయిల్లో సగానికి దగ్గరగా ఐరిష్‌వాళ్లే. మద్రాస్ ఫ్యూజిలియర్స్ అన్న కంపెనీ దళమే తర్వాత 1881లో బొంబాయి దళంతో కలిసి రాయల్ డబ్లిన్ ఫ్యూజిలియర్స్ అయింది, అంత ముడి ఉంది రెండు చోట్లకీ. 1845 తర్వాత బంగాళాదుంప కరువులో మీ మామగారి ప్రాంతం ఎంత నాశనమైందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ ఏళ్లలో కుర్రాళ్లకు కడుపు నిండాలంటే ఓడెక్కడమో, సైన్యంలో చేరడమో, అంతే.

వాళ్ల కాగితాలు ఐర్లండ్‌లో లేవు కాబట్టి ఫోర్ కోర్ట్స్ మంటలు వాటిని తాకలేదు. కంపెనీ ప్రతిదానికీ లండన్‌కు నకలు పంపేది, ఇప్పుడవి బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డులుగా ఉన్నాయి. మద్రాస్ ప్రెసిడెన్సీ బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు ఒక వరస, వీలునామాలూ ఆస్తి జాబితాలూ ఇంకో వరస. చాలావాటి స్కాన్లు డబ్బు కట్టి చూసే వంశవృక్ష సైట్లలో ఉన్నాయి. చేరినప్పుడు రాసిన రిజిస్టర్లలో వయసు, పుట్టిన ఊరు, చేసిన పని ఉంటాయి, నాకు ఊరు తెలిసింది అక్కడే.

సిపాయి పోతే అతని సామాను తోటి సిపాయిల మధ్య వేలం వేసి, ఆ డబ్బు లెక్కకట్టి సొంతవాళ్లకు ఇచ్చేవాళ్లు. మా అమ్మమ్మ తాత జాబితాలో రెండు చొక్కాలు, ఒక జత బూట్లు, ఒక రేజరు, ఒక ప్రార్థన పుస్తకం ఉన్నాయి. ఆ ప్రార్థన పుస్తకం ఎవరు కొనుక్కున్నారో కూడా రాసి ఉంది. మా అమ్మకు చదివి వినిపిస్తే చాలాసేపు మాట్లాడలేదు.

కార్క్ కోడలు:

పన్నెండు రోజుల తర్వాత వస్తున్నాను, సారీ. దొరికింది! రాస్తుంటే చేతులు వణుకుతున్నాయి.

డాక్టర్ గారన్నట్టే 'ఓ' తీసేసి, టౌన్‌ల్యాండ్ పేరు పట్టుకుని 1870 నుంచి వరసగా చూసుకుంటూ వచ్చాను. 1891 క్యాలెండర్‌లో ఉంది. చనిపోయింది 1883 మార్చిలో, ప్రొబేట్ ఎనిమిదేళ్ల తర్వాత. ఆస్తి 62 పౌండ్లు. రైతు. కార్క్‌లో విధవకు ఇచ్చారు. ఆమె పేరు 1901 లెక్కల్లో ఉన్న పేరే, కొడుకు పేరు కూడా సరిపోయింది. 'రో' అనే మారుపేరు మామగారే చెప్పారు, చిన్నప్పుడు బడిలో అలాగే పిలిచేవాళ్లట. గ్రిఫిత్‌లో అదే టౌన్‌ల్యాండ్‌లో ఆ మారుపేరు కనబడింది.

తర్వాత జిల్లా రిజిస్టర్‌లో వీలునామా నకలు. ఒకటిన్నర పేజీ, ఆ చేతిరాత అర్థం కావడానికి మావారూ నేనూ రెండు రాత్రులు కూర్చున్నాం. భూమి మీద హక్కు చిన్న కొడుక్కి, అంటే మామగారి తాతకి. కూతురికి పెళ్లినాటికి 40 పౌండ్లు, అది అన్న ఇవ్వాలి. అమెరికా వెళ్లిన కొడుక్కి ఒక షిల్లింగు. భార్యకు ఇంటి పడమటి గది, పొయ్యి దగ్గర చోటు, ఒక ఆవుకు మేత, ఏటా ఒక సాలు బంగాళాదుంపలు, ఆమె బతికినంతకాలం. చివర సంతకం చోట ఇంటూ గుర్తు, పక్కన 'అతని గుర్తు' అని గుమాస్తా రాశాడు. చదువు రాని మనిషి, కానీ భార్య ఎక్కడ పడుకోవాలో, ఏం తినాలో కూడా ఆలోచించి చెప్పి పోయాడు.

మామగారికి పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి ఇచ్చాను. పడమటి గది అన్న చోటికి రాగానే ఆగిపోయారు. చిన్నప్పుడు ఆయన, వాళ్ల అన్న పడుకున్నది ఆ గదిలోనేనట. దాన్ని అందరూ 'ముసలమ్మ గది' అనేవాళ్లట, ఎందుకలా అంటారో ఆయనకు ఇన్నేళ్లూ తెలియదు.

పాత నకళ్లు:

చాలా సంతోషం తల్లీ, పొద్దున్నే మంచి కబురు చెప్పారు. ఇక్కడితో ఆపకండి. ఆ కూతురి పెళ్లి రికార్డు వెతకండి, 1864 తర్వాత పెళ్లిళ్లన్నీ ప్రభుత్వ రిజిస్టర్లో ఉంటాయి, తండ్రి పేరు, వృత్తి కూడా రాస్తారు. షిల్లింగు రాసిన కొడుకుని చూసి తండ్రికి కోపం అనుకోకండి, చాలాసార్లు అతనికి ఓడ టికెట్టు రూపంలో వాటా ముందే అందిపోయి ఉంటుంది. తర్వాత వాల్యుయేషన్ రివిజన్ పుస్తకాలు చూడండి. భూమి చేతులు మారినప్పుడల్లా పాత పేరు కొట్టేసి, వేరే రంగు సిరాతో కొత్త పేరు రాసి సంవత్సరం వేసేవాళ్లు. ముత్తాత పేరు మీద గీత, దానిమీద విధవ పేరు, ఆ తర్వాత కొడుకు పేరు, మూడు రంగుల్లో మీ కళ్లతో చూస్తారు.

కార్క్ కోడలు:

ఆ పుస్తకాలు డబ్లిన్ వెళ్లి చూడాలని ఉంది, మామగారు నేనూ వస్తానంటున్నారు. లాలాగూడ అన్నయ్యా, ఆ పెద్దన్న పేరు కూడా దొరికింది, వీలునామాలో 'తూర్పు దేశంలో పోయిన నా అన్న పేరు మీద పూజ చేయించాలి' అని ఐదు షిల్లింగులు ఫాదర్‌కు రాసి ఉంది. మద్రాస్ ఖననాల జాబితా ఎక్కడ మొదలుపెట్టాలో కాస్త చెప్తారా?

లాలాగూడ:

పేరు, ఊరు, సుమారు వయసు నాకు మెసేజ్ పెట్టమ్మా. 1850 నుంచి మొదలుపెడదాం. ఈ ఆదివారం నాకు సెలవే.