సమస్య: సెట్టు సెట్టు కాక సెట్టు విరిగె

పృచ్ఛకుడు: ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి.

సెట్టు సెట్టు కాక సెట్టు విరిగె

‘సెట్’ అని పొల్లుతో ఆపితే ఒక్క గురువే మిగులుతుంది, అందుకే సెట్టు. షరతు ఒకటే: మూడు సెట్లకూ మూడు అర్థాలు రావాలి. అర్థాలకు కరువేమీ లేదు. 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు రెండో కూర్పులో ఈ ఒక్క క్రియకే 430 అర్థాలున్నాయి. తర్వాత ‘రన్’ 645తో దాన్ని దాటేసిందనుకోండి, ఆ సమస్య మరోసారి.

కొత్త కలం: తొలి ప్రయత్నం, కాస్త చూసి తిట్టండి.

గోడ కట్టినారు కొద్ది సిమెంటుతో
నాయకుండు దాని నానుకొనగ
కూలినంత జనులు గొల్లున నవ్విరి
సెట్టు సెట్టు కాక సెట్టు విరిగె

ఛందస్సు చాదస్తం: గణాలు సరిపోయాయి. రెండో పాదంలో యతి చూడండి. ‘దానిన్ + ఆనుకొనగ’ అని విడదీస్తే యతిస్థానంలో ఉన్నది ‘ఆ’. దానికి మొదటి ‘నా’తో చెల్లదు. సంధి విడదీయకుండా పైకి కనిపించే ‘నా’తోనే చెల్లించి, అఖండయతి అని కొందరు సరిపెట్టుకుంటారు, నేను సరిపెట్టుకోను.

పృచ్ఛకుడు: యతి సంగతి అలా ఉంచి, విరిగిన సెట్టు ఏది? నాటకం సెట్టే కదా. మొదటిదీ అదే. మూడడిగితే రెండే ఇచ్చారు. పైగా మూడో పాదంలోనే కూలిపోయాక నాలుగో పాదంలో విరగడానికి ఏం మిగిలింది?

బంతాట పిచ్చి: నాది 2010 వింబుల్డన్. ఇస్నర్, మహూల టెన్నిస్ పందెంలో అయిదో సెట్టు 70–68తో ముగిసింది. ఆ ఒక్క సెట్టుకే 8 గంటల 11 నిమిషాలు.

మూడు నాళ్ళు సాగె ముగియని పందెము
నలుబదేడు దాటి నడువలేక
చీకటయ్యె లెక్క చెప్పెడి పలకయు
సెట్టు సెట్టు కాక సెట్టు విరిగె

స్కోరు పలక నిజంగానే 47–47 దగ్గర ఆగి, తర్వాత ఆరిపోయింది. అంతకు మించి ఆట సాగుతుందని దాన్ని తయారుచేసినవాళ్ళు అనుకోలేదు.

లెక్కల మాస్టారు: రెండో పాదం భలే కుదిరింది. కానీ ఆరిపోయిన పలకను విరిగిందంటే ఎలా బాబూ? ఇంకోటి, తేలకపోవడాన్ని ‘సెట్టు కాక’ అన్నారు. ఇంగ్లీషువాడు అలా అనడే!

పృచ్ఛకుడు: అనకపోతే ఏం? సంబంధం సెట్టవలేదు, రేటు సెట్టవలేదు అని మనం రోజూ అంటూనే ఉన్నాం. 430లో లేకపోయినా మన నోట పుట్టింది కనుక చెల్లుతుంది. ‘విరిగె’ మీద మీ అభ్యంతరం మాత్రం న్యాయమే.

లెక్కల మాస్టారు: అయితే నాదీ వేసుకోండి.

తమను తాము లోన దాల్పని గుంపుల
నొక్కచోట జేర్చ నుత్తరమున
ఫ్రేగె కట్టినట్టి పెద్ద మేడ కదలె
సెట్టు సెట్టు కాక సెట్టు విరిగె

1902 జూన్ 16న తర్కవేత్త రస్సెల్ మరో తర్కవేత్త ఫ్రేగెకు రాసిన ఉత్తరం ఇది. తమలో తాము సభ్యులు కాని సమితులన్నిటినీ (లెక్కల్లో సెట్టంటే సమితి) ఒక సమితిగా కూర్చితే, అది తనలో ఉన్నట్టా, లేనట్టా? ఉందంటే ఉండకూడదు, లేదంటే ఉండాలి. అంటే ఆ గుంపు అసలు సమితే కాదు. అప్పటికి లెక్కలను తర్కం మీద నిలబెట్టే ఫ్రేగె పుస్తకం రెండో సంపుటం అచ్చులో ఉంది పాపం.

ఛందస్సు చాదస్తం: ‘ఉత్తరమున’ తర్వాత ‘ఫ్రే’ ఉంది, ‘న’ గురువు కాదా అని ఎవరైనా అడిగేలోపు నేనే చెబుతున్నా: అది వేరే మాట, సమాసం కాదు, కనుక ‘న’ లఘువే. ‘నొక్క–నుత్తర’ (ఒ–ఉ) స్వరయతి ముచ్చటగా ఉంది.

పృచ్ఛకుడు: ‘సెట్టు సెట్టు కాక’ అన్నది అక్షరాలా నిజమైన పూరణ ఇదొక్కటే. మరి మూడోది?

లెక్కల మాస్టారు: ఫ్రేగె సూత్రాల సెట్టు.

పృచ్ఛకుడు: అదీ గుంపే కదండీ, మొదటి అర్థమే మళ్ళీ వచ్చింది! తమాషా ఏమిటంటే గుంపు అనే సెట్టూ, పెట్టడం, గట్టిపడటం అనే సెట్టూ ఇంగ్లీషులో పుట్టుకతో వేర్వేరు మాటలు. మొదటిది లాటిన్ ‘సెక్టా’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది, రెండోది పాత ఇంగ్లీషు ‘సెట్టన్’. మాస్టారు ఒక కొమ్మ మీదే కూర్చున్నారు.

కొత్త కలం: నాది మార్చాను, చూడండి.

గోడ కట్టినారు కొద్ది సిమెంటుతో
వేషగాడు వచ్చి వీపు మోప
కట్టుపళ్ళు జారి గచ్చుపై బడెనయ్యొ
సెట్టు సెట్టు కాక సెట్టు విరిగె

ఛందస్సు చాదస్తం: వే–వీ చెల్లింది. ఇక నాకేం పని లేదు.

పృచ్ఛకుడు: నాటకం సెట్టు, సిమెంటు సెట్టు, పళ్ళ సెట్టు. మూడూ వచ్చాయి. గచ్చు మాత్రం బాగానే సెట్టయినట్టుంది.