విశ్రాంతిదినంలో ఉన్నది విశ్రాంతేనా? "ఊరక యుండవలెను" అనే మాట గురించి

సభ్యులందరికీ వందనాలు. పోయిన ఆదివారం గుంటూరులో మా సంఘంలో ఆరాధన అయ్యాక యవ్వనస్థుల కూడిక జరిగింది. ఇంటర్ చదివే అబ్బాయి ఒకడు లేచి అడిగిన ప్రశ్న వారం నుంచీ నన్ను వదలట్లేదు. ఆదికాండం 2వ అధ్యాయంలో దేవుడు ఏడవ దినమున విశ్రమించెను అని ఉంది, యెషయా 40లో ఏమో ఆయన "సొమ్మసిల్లడు అలయడు" అని ఉంది, అలసటే రానివాడికి విశ్రాంతి దేనికండీ అని అడిగాడు. మనకు మాదిరి చూపించడానికి అని పెద్దలు చెప్పారు. అది తప్పు జవాబేం కాదు. కానీ నేను అరండల్‌పేటలో డీటీపీ చేసుకునేవాణ్ణి, పొద్దున్నుంచి రాత్రిదాకా అక్షరాల మధ్యే ఉంటాను, చిక్కంతా దేవుడి దగ్గర కాదు, మనం వాడుతున్న మాట దగ్గరే ఉందేమో అనిపించి ఇక్కడ పెడుతున్నా.

విశ్రాంతి అన్న మాటలోనే శ్రమ ఉంది. శ్రమ్ అనే ధాతువుకి అలసిపోవడం అని అర్థం, శ్రాంతి అంటే అలసట, ముందు 'వి' చేరితే ఆ అలసట పోవడం. సంస్కృతం పక్కన పెట్టి ఇంట్లో మాటలు తీసుకున్నా ఇదే వరస. అలుపు తీర్చుకోవడం, సేద తీరడం, బడలిక తీరడం, అన్నిటికీ ముందు అలవాలి, తర్వాతే తీరాలి. ఇక తీరిక అనే మాట చూడండి, పని తీరితే దొరికేది కాబట్టి అది తీరిక. మా అమ్మ నోట "తీరికెక్కడిదిరా" అన్న మాట నేను ఎన్ని వేలసార్లు విన్నానో. ఇంటి పని తీరేది కాదు, కాబట్టి తీరిక వచ్చేదీ కాదు.

పాత నిబంధన మూలభాష హీబ్రూ. అందులో సబ్బాతుకి, అంటే విశ్రాంతిదినానికి, మూలమైన శాబత్ అనే క్రియ అలసట దగ్గర మొదలవదు. దానికి మొదటి అర్థం ఆగడం, మానడం, చేస్తున్నది నిలిపేయడం. ఆదికాండం 8:22లో, జలప్రళయం అయ్యాక, వెదకాలమును కోతకాలమును శీతోష్ణములును రాత్రింబగళ్లును "ఉండక మానవు" అన్న చోట ఉన్నది కూడా ఇదే క్రియ. కోతకాలానికి అలసట ఏముంటుంది? ఆగదు అని చెప్పడమే అక్కడి ఉద్దేశం. మన అనువాదకులు అక్కడ 'మాను' అనే తెలుగు క్రియ వేశారు, ఆదికాండం 2:2కి వచ్చేసరికి 'విశ్రమించెను' అన్నారు. ఆ అబ్బాయికి చిక్కు వచ్చింది ఇక్కడే. దేవుడు పని మానాడు అని చదువుకుంటే అలసట ప్రశ్నే రాదు, చేయాల్సింది చేసి, చాలు అని ఆగాడు. నిర్గమకాండం 31:17లో ఆయన ఊపిరి తీసుకున్నాడు అనే అర్థమొచ్చే మాట కూడా హీబ్రూలో ఉంది, మనిషికి అర్థమయ్యేలా మనిషి భాషలో చెప్పిన మాట అది.

అయితే మన అనువాదకులకు ఇది తెలియక కాదు. నిర్గమకాండం 23:12 తీసి చూడండి. "ఆరు దినములు నీ పనులు చేసి, నీ యెద్దును నీ గాడిదయు నీ దాసి కుమారుడును పరదేశియు విశ్రమించునట్లు ఏడవ దినమున ఊరక యుండవలెను." ఊరక యుండవలెను! ఎంత చక్కని మాట పడిందో చూడండి. ఈ ఒక్క వచనంలో హీబ్రూలో మూడు వేరు వేరు క్రియలున్నాయి. యజమానికి చెప్పింది శాబత్, అంటే ఆగు. ఎద్దుకీ గాడిదకీ చెప్పింది మరో మాట, కుదురుగా నిలవడం, విశ్రమించడం. దాసి కొడుక్కీ పరదేశికీ చెప్పింది ఇంకో మాట, నఫష్, అంటే ఊపిరి తీసుకోవడం. ఆఖరి రెండూ తెలుగులో 'విశ్రమించునట్లు' అనే ఒక్క మాటలో కలిసిపోయాయి. ఊపిరి సలపట్లేదు అని మనం పని ఒత్తిడికి రోజూ వాడే మాట ఇక్కడికి ఎంత బాగా అతికేదో!

వాక్యం నడక కూడా గమనించండి. వాళ్ళు విశ్రమించునట్లు నువ్వు ఊరక ఉండు. యజమాని ఆగకపోతే ఎద్దు ఆగదు, ఎద్దు ఆగకపోతే పాలేరు ఆగడు. సోమవారం ఇంకా గట్టిగా పని చేయడానికి ఆదివారం ఒంట్లో శక్తి నింపుకోవాలి అని ప్రసంగాల్లో వింటుంటాం, అది నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. ద్వితీయోపదేశకాండం 5లో ఇదే ఆజ్ఞకు చెప్పిన కారణం వేరు. నువ్వు ఐగుప్తులో బానిసగా ఉన్నావు, అది గుర్తుంచుకో, నీ దాసుడూ దాసీ కూడా నీలాగే విశ్రమించాలి అని ఉంది. బానిసకి సెలవు ఉండదు. వారానికి ఒకరోజు ఆగడమంటే నేనిక ఎవరి బానిసనూ కాను, నా కింద కూడా బానిస ఎవరూ ఉండకూడదు అని ఒళ్ళు వంచి కాదు, ఒళ్ళు నిలిపి చెప్పడం.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ మాట నాకు పుస్తకంలో కన్నా వంటింట్లో ఎక్కువ అర్థమైంది. నా చిన్నప్పుడు మా ఇంట్లో వారం మొత్తంలో అమ్మకి ఎక్కువ పని ఉండేది ఆదివారమే. తెల్లవారుజామున లేచి నీళ్ళు పట్టి, మా ముగ్గురికీ ఇస్త్రీ బట్టలు తీసి, తొమ్మిదింటికి అందరికన్నా ముందు గుడిలో చాప మీద కూర్చునేది. ఒంటిగంటకి ఇంటికి రాగానే ఆరాధనకు కట్టుకున్న తెల్ల చీర మార్చుకునే తీరిక కూడా లేక, కొంగు నడుంకి దోపి రోట్లో అల్లం వెల్లుల్లి నూరడం మొదలుపెట్టేది. కోడికూర, పలావు, పెరుగు పచ్చడి, ఎవరో ఒక చుట్టం. నాన్న, మేమూ తిని ఫ్యాను కింద పడుకునేవాళ్ళం. ఆ చీర కొంగు మీద పసుపు మరకలు ఉండేవి, ఎంత ఉతికినా పోయేవి కావు. పది ఆజ్ఞల్లో విశ్రాంతిదినం గురించి చెప్పే నాలుగో ఆజ్ఞ నేను సండే స్కూల్లో బట్టీపట్టి బహుమతి కూడా తెచ్చుకున్నాను. "నీవైనను నీ కుమారుడైనను నీ కుమార్తెయైనను నీ దాసుడైనను నీ దాసియైనను" అని గడగడా అప్పజెప్పేవాణ్ణి, ఆ పక్కన రోలు చప్పుడు వినపడుతూనే ఉండేది.

ఆ జాబితాలో భార్య లేదు, గమనించారా? హీబ్రూలో 'నీవు' పుంలింగ ఏకవచనం, మగవాడితో చెబుతున్నట్టే ఉంటుంది. భార్య ఆ 'నీవు'లోనే ఉంది అని పండితులు వివరిస్తారు. మన భాషలో ఆ వివరణే అక్కర్లేదు, 'నీవు'కి ఆడా మగా తేడా లేదు. తెలుగు బైబిల్ చదివే ఏ తల్లికైనా ఆ ఆజ్ఞ నేరుగా ఆమె ముఖం చూసి చెప్పినట్టే వినపడుతుంది. తెలుగు మనకిచ్చిన మేలు ఇది, దాన్ని మన ఇళ్ళల్లో ఎంతమందిమి నిలబెట్టుకున్నాం అన్నది వేరే సంగతి.

ఇప్పుడు మా ఇంట్లో శనివారం సాయంత్రం చేపల పులుసు పెట్టేస్తాం. నేనూ మా ఆవిడా కలిసి. చేపల పులుసు మర్నాటికే రుచి అని మనందరికీ తెలుసు. ఆదివారం అన్నం ఒక్కటే వండుకుంటాం. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు ఆహారంగా దేవుడిచ్చిన మన్నాని ఆరో రోజు రెండింతలు ఏరుకుని, వండుకోవాల్సింది ముందే వండుకోండి అని నిర్గమకాండం 16లో చెప్పింది ఇదే కదా.

ఈ పోస్టు కింద కామెంట్లలో సభ్యులు అడిగినవాటికి ఇక్కడే రాస్తున్నా.

"ఊరక అంటే వ్యర్థంగా, పనికిమాలి అని కదండీ అర్థం, దేవుడి ఆజ్ఞకి అది చిన్న మాట కాదా" అని ఒక మాస్టారు అడిగారు. ఆ అర్థమూ ఉంది మాస్టారూ, కాదనను. కానీ ఊరక అనే మాటకి ఎన్ని ముఖాలున్నాయో చూడండి. ఏడుస్తున్న పిల్లని ఎత్తుకుని "ఊరుకో తల్లీ" అంటాం, అది ఓదార్పు. "ఊరుకునేది లేదు" అంటే పోరాటం. "ఊరికే వచ్చా" అంటే ఏ పనీ పెట్టుకోకుండా, నీకోసమే వచ్చా అని. "ఊరికే ఇచ్చాడు" అంటే డబ్బు తీసుకోకుండా ఇచ్చాడు. కీర్తన 46లో "ఊరకుండుడి నేనే దేవుడనని తెలిసికొనుడి" అన్నది యుద్ధాల మధ్య చెప్పిన మాట. అక్కడ హీబ్రూ క్రియ వేరు, చేతులు వదిలేయండి అన్నట్టుంటుంది, కానీ తెలుగులో రెండు చోట్లా ఊరకే పడింది, పడాల్సిన చోటే పడింది. పని లేకుండా ఉండటానికీ, వెల లేకుండా దొరకడానికీ ఒకటే మాట ఉన్న భాష మనది. కృప గురించి ఇంతకన్నా దగ్గరి మాట నాకు తెలియదు.

విశ్రాంతిదినం శనివారమా ఆదివారమా అని కామెంట్లలో మొదలైన గొడవ ఇక్కడ పెంచొద్దని మనవి. సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘపు సహోదరులు శనివారం పాటిస్తారు, హీబ్రూ లెక్కలో ఏడో రోజు శనివారమే, అందులో సందేహం లేదు. మత్తయి 28:1లో "విశ్రాంతిదినము గడచిపోయిన తరువాత ఆదివారమున" అని మన బైబిల్లోనే రెండూ వేరువేరుగా ఉన్నాయి. ఆదివారం కూడుకోవడం యేసు పునరుత్థానం వల్ల మొదలైంది, అపొస్తలుల కార్యములు 20:7లో రొట్టె విరవడానికి కూడింది ఆదివారమే. దాన్ని సెలవుగా చట్టం చేసింది మాత్రం రోమా చక్రవర్తి కాన్‌స్టాంటైన్, 321లో. ఆ చట్టంలో ఊళ్ళలో వ్యవసాయం చేసేవాళ్ళకి మినహాయింపు ఇచ్చాడు, అదను పోతే పంట పోతుందని. నిర్గమకాండం 34:21 మాత్రం "దున్ను కాలమందైనను కోయుకాలమందైనను" అని ఆ అదనులోనే ఆగమంటుంది. కొలస్సయులకు 2:16 ప్రకారం రోజు విషయంలో ఎవరూ ఎవరికీ తీర్పు తీర్చకూడదు, నేను అక్కడే ఆగుతాను.

"మిరప కోతల్లో ఆదివారం ఆగితే మీరు కూలి కట్టిస్తారా" అని అడిగిన అన్నకి. కోపంగా అడిగారు గానీ న్యాయమైన ప్రశ్న. మా బాబాయిది కూడా మిరప సాగే అన్నా. కల్లంలో కాయ ఆరబోసి ఉంటే, మబ్బు పడితే, ఆదివారం గుడిలోంచి లేచి పరుగెత్తి పట్టాలు కప్పడం నేను చూశాను, నేనూ కప్పాను. గుంటలో పడిన గొర్రెని విశ్రాంతిదినాన పైకి తీయరా అని యేసు అడిగింది ఇలాంటి దాని గురించే, "విశ్రాంతిదినమున మేలుచేయుట ధర్మమే" అని కూడా ఆయనే చెప్పాడు. కానీ మబ్బు లేని ఆదివారాలు కూడా ఉంటాయి కదా. రోజు కూలికి వచ్చేవాళ్ళకి ఆగిన రోజు కూలి ఎవరిస్తారన్నది నాకూ బరువుగానే ఉంది, విశ్రాంతి వాళ్ళ కడుపు మీద పడితే అది ఆజ్ఞ పాటించినట్టు కాదు. ఆమోసు 8లో వర్తకులు సబ్బాతు ఎప్పుడు అయిపోతుందా, ఎప్పుడు కొలత తగ్గించి ధర పెంచి అమ్ముకుందామా అని కాచుకుని ఉంటారు. ఒంటికి సెలవిచ్చి మనసుని కాటా దగ్గరే వదిలేయడం అంటే అదే.

విజయవాడ నుంచి నర్సు చెల్లెమ్మ ఒకరు రాశారు, "అన్నయ్యా నాకు నెలలో మూడు ఆదివారాలు డ్యూటీయే, నేను ఆజ్ఞ మీరుతున్నట్టేనా" అని. లేదమ్మా. నువ్వు చేసేది మేలు, పైన రాసిన వచనం నీకోసమే. కానీ నీకు దొరికే ఆ వారపు సెలవు, మంగళవారమో బుధవారమో, ఆ రోజు ఇంట్లో బట్టల కుప్ప చూసి తీరిక కోసం ఎదురు చూడకు. కుప్ప ఉండగానే కూర్చో. "విశ్రాంతిదినము మనుష్యులకొరకే నియమింపబడెను" అన్నాడు ఆయన, ఆ మనుషుల్లో నువ్వూ ఉన్నావు.

ఇంకొక్క మాట ఉండిపోయింది. హెబ్రీయులకు 4:9లో "దేవుని ప్రజలకు విశ్రాంతి నిలిచియున్నది" అని ఉంది కదా. ఆ అధ్యాయంలో మిగతా చోట్ల విశ్రాంతికి గ్రీకులో కతపౌసిస్ అనే మాట ఉంటే, ఈ ఒక్క వచనంలో సబ్బాతిస్మోస్ అని ఉంది, కొత్త నిబంధన మొత్తంలో ఇంకెక్కడా రాదు. సబ్బాతుని ఆచరించడం అని అర్థం. తెలుగులో రెండూ విశ్రాంతే అయ్యాయి కాబట్టి ఆ తేడా మనకి కనపడదు. ఆ ఒక్క చోట మీరైతే ఏ మాట వేస్తారు? ఊరికే అనడానికి తెలంగాణ సభ్యులు 'ఊకె' అంటారు, సీమ వైపు 'ఉత్తగా' అంటారు, ఉత్తరాంధ్ర వాళ్ళు ఏమంటారో చెప్పండి. మొన్న ఆదివారం మధ్యాహ్నం అమ్మకి ఫోన్ చేసి ఏం చేస్తున్నావమ్మా అంటే "ఏం లేదురా, ఊరికే కూర్చున్నా" అంది. ఆ మాట ఇన్నేళ్ళలో ఆవిడ నోట మొదటిసారి విన్నాను.