తమ్ముడు ‘ఏఐ ప్రిడిక్టర్’ కొన్నాడు, అది నిజంగా పనిచేస్తుందా?

కృష్ణలంక అక్క:
మా తమ్ముడికి 24 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. విమానం పైకి లేస్తూ ఉంటుంది, అది మాయమయ్యేలోపు డబ్బు తీసేసుకోవాలి, అలా డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆట ఆడుతున్నాడు. సెలవుకి ఇంటికొచ్చినప్పుడు వాడి యూపీఐ హిస్టరీ చూశాను. రాత్రి 1:40కి 2,000, 1:44కి 2,000, 1:51కి 5,000. పొద్దున్నే అమ్మని పెట్రోల్‌కి 300 అడిగాడు! నిలదీస్తే, ఎవడో ఛానెల్‌లో 3,500కి ఏఐ ప్రిడిక్టర్ అమ్మాడట, విమానం ఎప్పుడు మాయమవుతుందో ముందే చెప్తుందట, పోయిందంతా వచ్చేస్తుందట. అలాంటిది ఉంటుందా? ఇంకోటి, వాడు నాలుగు రోజులు మానేస్తే చాలు, ‘మీ కోసం 500 బోనస్’ అని మెసేజ్ వచ్చేస్తుంది. వాళ్లకెలా తెలుస్తుంది?

నైట్‌షిఫ్ట్ బ్యాచ్:
ఉండదు అక్కా. ప్రతి రౌండూ కొత్తగా వచ్చే అంకెతో తేలుతుంది, ముందు పది రౌండ్లు చూసి పదకొండోది చెప్పడం ఏ ఏఐ వల్లా కాదు. అంత పట్టేసేదే ఉంటే వాడే ఆడుకుని బాగుపడేవాడు, 3,500కి అమ్ముకునే ఖర్మేంటి? ముందు ఆ ప్రిడిక్టర్ ఏపీకే, అంటే ప్లే స్టోర్‌లో కాకుండా బయట నుంచి వేసుకునే యాప్, తీయించండి. ఇలాంటివి ఎస్సెమ్మెస్ పర్మిషన్ అడుగుతాయి, ఇచ్చామా ఓటీపీలన్నీ వాడి చేతికే.

కాలమ్‌ల కాపలా:
బోనస్ సంగతి నేను చెప్తా. ఒక గేమ్ కంపెనీకి కొన్నాళ్లు డేటా పని చేశాను. ఎవరు ఆట మానేసేలా ఉన్నారో మోడల్ స్కోర్ ఇస్తుంది, వాళ్లకి బోనస్ వెళ్తుంది, అంతే. అర్ధరాత్రి ఆడటం, పోయిన వెంటనే మళ్లీ రెట్టింపు వేయడం, విత్‌డ్రా పెట్టి మధ్యలో క్యాన్సిల్ చేయడం, అన్నీ ఆ మోడల్ చూసే డేటా టేబుల్‌లోనే ఉంటాయి. చిత్రమేంటంటే, మనిషి మునిగిపోతున్నాడని పట్టుకోవడానికి కావాల్సిన కాలమ్‌లూ అవే. డెన్మార్క్‌కి చెందిన మైండ్‌వే ఏఐ అనే కంపెనీ చేసే పని అదే, అలా మునిగిపోతున్నవాళ్లని పట్టుకోవడం. బ్రిటన్‌లో ఇలాంటి సంకేతాలు కనిపిస్తే ఆపరేటర్ కల్పించుకోవాలని రూల్ ఉంది, ‘నన్ను ఆడనివ్వొద్దు’ అని పేరిచ్చుకునే గామ్‌స్టాప్‌లో ఒక్కసారి పేరిస్తే అక్కడ లైసెన్స్ ఉన్న సైట్లన్నీ మూసుకుంటాయి. మీ తమ్ముడు ఆడే సైట్ ఏ దేశంలో ఉందో ఎవడికి తెలుసు, ఆ సైట్ వాళ్ల దగ్గర ఆ మోడల్ మీవాణ్ణి మళ్లీ ఆటలోకి లాగడానికే పనిచేస్తుంది.

కృష్ణలంక అక్క:
అంటే మాకంటే ముందే వాళ్లకి తెలుసన్నమాట. తెలంగాణలో ఇవి నిషేధం కదా?

మానేసి 14 నెలలు:
2017 నుంచే. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ చట్టం చేసింది, ఆ చట్టంలో శిక్ష నడిపేవాడికి, ఆడేవాడికి కాదు, కాబట్టి భయపడి దాచొద్దని చెప్పండి. బయటి సైట్లు ఏదో ఒక లింక్‌తో వస్తూనే ఉంటాయి. నేను చేసింది చెప్తా: జీతం మా ఆవిడ అకౌంట్‌కి మార్చాను, యూపీఐ రోజు లిమిట్ తగ్గించాను, పందేల సైట్లు తెరుచుకోకుండా ఆపే బెట్‌బ్లాకర్ యాప్ వేసుకున్నాను, అది ఉచితమే. ఒక్క మాట, అప్పంతా మీరే కట్టేయకండి. మా నాన్న రెండుసార్లు కట్టాడు, రెండోసారి ఎకరం అమ్మి, నేను ఆ వారమే మళ్లీ మొదలెట్టాను. 14416కి ఫోన్ చేయండి, టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు, ఫ్రీ.

కృష్ణలంక అక్క:
ఏపీకే తీయించాను. ఇందాక స్పీకర్ పెట్టి 14416కి చేశా. వాడు ఒక్క ముక్క మాట్లాడలేదు, కానీ లేచి వెళ్లలేదు కూడా.