నాయిన పాతిన కడీ మీద మచ్చలు: గీకాల్నా, ఉంచాల్నా?

అందరికి నమస్తే. మాది పరకాల దగ్గర పల్లె. మా నాయిన 1987ల పొలం హద్దుకు రాతి కడీ పాతి, ఆ యేడు అంకెలు ఉలితోని చెక్కిచ్చిండు. ఇప్పుడు 7 మీదికి బూడిద రంగు మచ్చలు పాకినయి. పెద్దదాన్ని స్కేలు పెట్టి కొలిచిన, 16 మిల్లీమీటర్లున్నది. గోరుతోని గీకితే రాదు. సర్వేయర్ వస్తడని, వైరు బ్రష్‌తోని రుద్ది సున్నం కొడ్తనంటుండు మా అన్న. నాయిన పోయి మూడేండ్లాయె, నాకు రుద్దబుద్ధి అయితలేదు. ఇది పాచేనా? పానం ఉన్నదేనా?

హన్మకొండ, వృక్షశాస్త్రం టీచర్:
పాచి కాదు తమ్ముడూ, లైకెన్. ప్రాణం ఉన్నదే. నాచు జాతి శైవలం, బూజు జాతి శిలీంధ్రం ఇందులో కలిసి బతుకుతాయి. శైవలం ఎండతో తిండి తయారుచేస్తుంది, శిలీంధ్రం దానికి నీడా తేమా ఇస్తుంది. బిర్యానీలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే, కాకపోతే అది ఆకులా లేస్తుంది. మీది క్రస్టోజ్ రకం, అంటే రాతికి పొరలా అతుక్కునేది. దాని పోగులు రాతి రవ్వల సందుల్లోకి దిగుతాయి, అందుకే గోటికి రాలేదు.

చలి కొండల బండల మీద రైజోకార్పాన్ జియోగ్రాఫికమ్ అని ఇదే రకంది ఒకటి ఉంటుంది. పసుపుపచ్చ ముక్కలు, చుట్టూ నల్లటి గీత, అచ్చం దేశపటమే! ఏడాదికి మిల్లీమీటరు కూడా పెరగదు. 1950లలో రోలాండ్ బెషెల్ ఆల్ప్స్‌లో తేదీ ఉన్న సమాధిరాళ్ల మీద లైకెన్లు కొలిచి, హిమనదాలు వదిలేసిన బండలు ఎన్నేళ్లుగా బయటపడి ఉన్నాయో లెక్క కట్టే పద్ధతి తెచ్చాడు. 2005లో ఈ రైజోకార్పాన్‌నే ఫోటాన్-ఎం2 ఉపగ్రహంలో పంపి, రెండు వారాలు అంతరిక్షానికి వదిలి చూశారు. తిరిగొచ్చాక బతికే ఉంది.

మీ కడీకీ తేదీ ఉంది. దయచేసి రుద్దనివ్వకండి.

రాళ్లు కొట్టెటాయన, కాజీపేట:
బిడ్డా, ముప్పై ఏండ్లు ఉలి పట్టిన చెయ్యి నాది. వైరు బ్రష్ పెడ్తే మచ్చతోని పాటు అంకెల అంచులు గూడ అరుగుతయ్. సున్నం ఎనక దిక్కు కొట్టుమను, సర్వేయర్‌కు గంతే సాలు.

అడిగినాయన:
మేడం, 16ను 38 ఏండ్లతోని భాగిస్తే అర మిల్లీమీటరు గూడ వస్తలేదు. యేటా గంతేనా పెరిగేది?

టీచర్:
అలా భాగించొద్దు. కొత్తగా చెక్కిన రాతి మీద అది మొలవడానికే కొన్నేళ్లు పడుతుంది. పలుచని ప్లాస్టిక్ కాగితం పరిచి, మార్కర్‌తో దాని అంచు గీసుకోండి. వచ్చే దసరాకి అదే కాగితం పెట్టి చూడండి.

అడిగినాయన:
అన్న ఒప్పుకున్నడు. సున్నం ఎనక దిక్కే కొట్టినం. కాగితం మీద మచ్చ గీసిన, పక్కన నాయిన చెక్కిచ్చిన 7 గూడ గీసిన.