బావి దగ్గర జియాలజిస్టు ఉండాల్సిందేనా, రిమోట్ సెంటర్ చాలా? (కృష్ణా-గోదావరి బేసిన్‌లో నేల మీది చమురు, గ్యాస్ బావులు)

షేకర్‌పక్కన:
ఒక ముసాయిదా కాంట్రాక్టు గురించి అడుగుతున్నాను. మూడు రిగ్గులకు కలిపి రిమోట్ సెంటర్‌లో ఒకే కన్సల్టింగ్ జియాలజిస్టు. సైటులో మడ్ లాగింగ్ యూనిట్ (డ్రిల్లింగ్ మడ్‌తో పైకొచ్చే రాతి ముక్కలను, గ్యాస్‌ను పరీక్షించే బృందం) తప్ప ఆపరేటర్ తరఫు జియాలజిస్టు ఉండడు. కేసింగ్ పాయింటు (ఉక్కు గొట్టం దించడానికి తవ్వకం ఆపే లోతు), కోర్ పాయింటు (రాతి కడ్డీ నమూనా తీసే లోతు) మీద సంతకం మాత్రం ఆ రిమోట్ మనిషిదే. బావులు రాజోలు-పాశర్లపూడి వైపు. ఒప్పుకోవచ్చా?

తూర్పుతీరం:
నిక్షేపంగా ఒప్పుకోవచ్చు. గామా (రాతి సహజ రేడియోధార్మికత), రెసిస్టివిటీ (విద్యుత్ నిరోధం), డ్రిల్లింగ్ వేగం, గ్యాస్ అన్నీ లైవ్‌గా తెర మీదకు వస్తాయి. పక్క తెర మీద చుట్టుపక్కల పాత బావుల లాగ్‌లు (లోతు వారీ కొలతల గీతలు) తెరిచి పెట్టుకోవచ్చు. రిగ్గు మీద ఒంటరిగా, రాత్రీ పగలూ నిద్ర చాలక కూర్చున్న మనిషికి ఆ వీలు లేదు. ఆ ప్రాంతంలో దశాబ్దాలుగా బావులు తవ్వుతున్నారు. పొరల వరస కొత్తగా కనిపెట్టేదేమీ కాదు.

బసాల్ట్‌బండ:
వరస తెలుసు, లోతు తెలియదు. గొడవంతా అక్కడే. పాశర్లపూడి ఫార్మేషన్ కింద పాలకొల్లు షేల్ (మట్టిరాయి), దాని కింద రాజోలు బసాల్ట్ (లావా రాయి). రాజమండ్రి దగ్గర కాతేరు, పంగిడి క్వారీల్లో పైకి కనిపించే ట్రాప్‌లకు (లావా పొరలకు) ఇది భూమి లోపలి జోడు. బసాల్ట్‌కు గామా తక్కువ, రెసిస్టివిటీ ఎక్కువ. శుభ్రమైన గ్యాస్ శాండ్‌కూ (గ్యాస్ నిండిన ఇసుకరాయికీ) అంతే. ఈ రెండు గీతలే చూసి సంతకం పెట్టేవాడు దేనికి పెడుతున్నట్టు? ట్రేలో నల్లటి ముక్క, మధ్యలో ఆకుపచ్చ క్లోరైట్ నిండిన చిన్న బుడగలు కనిపిస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

తూర్పుతీరం:
డ్రిల్లింగ్ వేగం పడిపోతుంది కదండీ. డెన్సిటీ చూసినా తెలుస్తుంది. గట్టి బసాల్ట్ ఘన సెంటీమీటరుకు 2.7 నుంచి 2.9 గ్రాముల దాకా ఉంటుంది, గ్యాస్ శాండ్ అంత ఉండదు.

బసాల్ట్‌బండ:
డెన్సిటీ టూల్ స్ట్రింగ్‌లో (బిట్‌తో దిగే పైపుల వరసలో) ఉంటే సరే. ఖర్చు తగ్గించాలనుకున్న ఆన్‌షోర్ బావిలో తరచూ గామా, రెసిస్టివిటీతోనే సరిపెడతారు. పైగా బసాల్ట్ పైభాగం శిథిలమై బంకగా మారి ఉంటే డెన్సిటీ తగ్గుతుంది, బిట్ వేగమూ వెంటనే పడిపోదు.

ఇంకో లెక్క చూడండి. గామా సెన్సర్ బిట్‌కు 12 మీటర్లు వెనక ఉందనుకుందాం. బసాల్ట్‌లో గంటకు 3 మీటర్లు వెళుతుంటే, బిట్ తాకిన రాయిని గామా చూసేది 4 గంటల తర్వాత. ముక్కలు పైకి రావడానికి 40 నిమిషాలు చాలు, అప్పటికి తవ్వింది 2 మీటర్లు. మెత్తటి పొరలో గంటకు 30 మీటర్లు వెళితే మాత్రం లెక్క తిరగబడుతుంది. ముక్క వచ్చేసరికి బిట్ 20 మీటర్లు దిగిపోతుంది, అక్కడ టూల్‌దే పైచేయి. అది ఒప్పుకుంటాను.

లాగ్‌టైమ్:
ఆ 40 నిమిషాలు (ముక్క అడుగు నుంచి పైకి రావడానికి పట్టే లాగ్ టైమ్) ఎక్కడివో చెప్పాలి, ఎందుకంటే తప్పులు పుట్టేది అక్కడే. 8.5 అంగుళాల రంధ్రం, 5 అంగుళాల పైపు అయితే యాన్యులస్ (పైపుకూ రంధ్రం గోడకూ మధ్య ఖాళీ) అడుగుకు సుమారు 0.046 బ్యారెల్. 3,000 మీటర్లకు 452 బ్యారెళ్లు. పంపు స్ట్రోకుకు 0.102 బ్యారెల్ ఇస్తే 4,430 స్ట్రోకులు, నిమిషానికి 110 చొప్పున 40 నిమిషాలు. (పైన కేసింగ్ ఉన్నంత మేరా కొద్దిగా పెరుగుతుంది.) షేల్ ఊడిపోయి రంధ్రం 10 అంగుళాలైతే ఆ భాగంలో పరిమాణం సుమారు 60 శాతం పెరుగుతుంది. లాగ్ టైమ్ సరిదిద్దకపోతే ప్రతి ముక్కకూ తప్పు లోతు రాస్తాం.

అందుకే కనెక్షన్ వేసేటప్పుడు (కొత్త పైపు కలిపేటప్పుడు) పైపులో కార్బైడ్ పొట్లం వేయాలి. ఎసిటిలీన్ గ్యాస్ చార్టులో ఎప్పుడు లేచిందో చూసి, పైపు లోపల దిగడానికి పట్టిన 1,700 స్ట్రోకులు తీసేయాలి. మిగిలింది అసలు లాగ్ టైమ్. రిమోట్ సెంటర్‌కు వచ్చేది ఇదంతా అయ్యాక మిగిలే ఒక అంకె. పరీక్ష చేశారో లేదో ఆ అంకె చెప్పదు.

గ్యాస్ ట్రాప్ (మడ్‌లోంచి గ్యాస్‌ను విడదీసే పరికరం) సంగతీ అంతే. మడ్ మట్టం తగ్గి ట్రాప్ సగం గాలిలో తేలితే రీడింగ్ పడిపోతుంది. తెర మీద అది గ్యాస్ తగ్గినట్టే ఉంటుంది.

తూర్పుతీరం:
ట్రాప్ విషయంలో మీరన్నది నిజమే. కానీ అది చూడాల్సింది మడ్ లాగర్. దానికి జియాలజిస్టు దేనికి? పాలకొల్లు షేల్‌లో ప్రెషర్ పెరిగితే పొడవుగా, పలచగా, వంపు తిరిగిన పెచ్చులు షేకర్ (మడ్‌లోంచి ముక్కలను వడగట్టే జల్లెడ) మీదకొస్తాయి. వాటికి ఫోటో చాలు.

లాగ్‌టైమ్:
పెచ్చులకు ఫోటో చాలు. శాంపిల్‌కు చాలదు. పైనున్న మెత్తటి బంకమట్టిని గట్టిగా కడిగితే మట్టంతా నీళ్లలో పోయి, ట్రేలో ఇసుకే మిగులుతుంది. ఫోటోలో అది అచ్చం శాండ్‌స్టోన్. మడ్‌లో కలిపిన లిగ్నైట్ బొగ్గు పొరలా కనిపిస్తుంది. పీడీసీ (కృత్రిమ వజ్రపు పళ్ల) బిట్ అయితే ముక్కలు పిండి పిండిగా వస్తాయి. వేలితో నలిపి, 10 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్క వేసి, యూవీ పెట్టెలో చూసి, సాల్వెంట్ కట్ తీస్తేనే (ద్రావకంలోకి నూనె దిగుతుందో చూస్తేనే) తేలుతుంది. మడ్ లాగర్లు చేయగలరు, నిజమే. కానీ 5 మీటర్లకొకటి బదులు 2 మీటర్లకొక శాంపిల్ తీయమనే అధికారం వాళ్లకు లేదు. డ్రిల్లింగ్ ఆపి బాటమ్స్ అప్ తిప్పమని (అడుగున ఉన్న మడ్ పైకి వచ్చేదాకా పంపు నడపమని) కంపెనీ మ్యాన్‌ను (రిగ్గు మీద ఆపరేటర్ ప్రతినిధిని) ఒప్పించే స్థాయీ లేదు.

గామారే:
వృత్తి వైపు నుంచి ఒక మాట. ఆంధ్రా, ఉస్మానియా యూనివర్సిటీల్లో ఎమ్మెస్సీ చేసిన పిల్లలకు మామూలు దారి మడ్ లాగర్, తర్వాత వెల్‌సైట్, తర్వాత ఆపరేషన్స్ జియాలజిస్టు, ఆ పైన కన్సల్టెన్సీ. మధ్య మెట్టు తీసేస్తే, పదేళ్ల తర్వాత రిమోట్ సెంటర్‌లో కూర్చునేది చేత్తో బసాల్ట్ ముక్క పట్టని మనిషి. ఇవాళ తూర్పుతీరం గారు తెర చూసి ధైర్యంగా చెప్పగలుగుతున్నారంటే ఆ ట్రేలు చూసిన కళ్లు కాబట్టే అనుకుంటున్నాను.

తూర్పుతీరం:
ఆ మాట కాదనలేను. అయినా బావి మొత్తానికీ మనిషి అక్కర్లేదు. పై సెక్షన్లు రిమోట్‌లో కానిద్దాం.

బసాల్ట్‌బండ:
అలాగైతే షేకర్‌పక్కన గారూ, కాంట్రాక్టులో ఇవి రాయించండి. పాలకొల్లు షేల్ అంచనా లోతుకు 150 మీటర్ల పైనుంచి బసాల్ట్‌లో కేసింగ్ కూర్చునేదాకా సైటులో ఇద్దరు జియాలజిస్టులు, చెరి 12 గంటలు. కోర్ తీసే సెక్షన్‌కూ అంతే. కార్బైడ్ పరీక్ష ఎన్ని మీటర్లకొకసారో అంకె వేయించండి. సందేహం వస్తే బాటమ్స్ అప్ అడిగే హక్కు జియాలజిస్టుదని, ఆ రిగ్గు సమయం ఆపరేటర్ ఖాతాలో పడుతుందని స్పష్టంగా ఉండాలి. ఈ చివరి షరతు తీసేస్తామంటే సంతకం పెట్టకండి.