చర్చ: 'గట్టిగా', 'తీవ్రంగా', 'బొత్తిగా'... ఇంగ్లీషులో ఏది ఎక్కడ పెట్టాలి?

బ్రాడీపేట టీచర్ (గుంటూరు)
డిగ్రీ పిల్లల తర్జుమాల్లో బలం చెప్పాల్సిన చోటల్లా 'వెరీ' పడుతోంది, లేదంటే 'స్ట్రాంగ్లీ'. 'గట్టిగా పట్టుకో', 'గట్టిగా అరిచాడు', 'రానని గట్టిగా చెప్పాడు', 'తలుపు గట్టిగా నెట్టు'... నాలుగింటికీ 'స్ట్రాంగ్లీ' యే. పట్టికలిస్తే బట్టీ కొడతారు, వాక్యంలోకి వచ్చేసరికి మళ్లీ మొదటికే. క్లాసులో పనికొచ్చే పద్ధతి ఏదైనా ఉంటే రాయండి.

న్యూస్ డెస్క్ (విజయవాడ)
పట్టిక పక్కన పెట్టేయండి మాస్టారూ. ముందు క్రియ తేల్చమనండి, ఆ బలం దేనిదో తర్వాత అడగండి. అరుపు బలమైతే 'లౌడ్లీ'. పట్టు బలమైతే 'టైట్లీ' ('హోల్డ్' తర్వాత వట్టి 'టైట్' కూడా చెల్లుతుంది). మాట మీద నిలబడితే 'ఫర్మ్లీ'. నెట్టడం, గుద్దడం, లాగడం లాంటి ఒంటి బలమైతే 'హార్డ్'. మీ నాలుగు వాక్యాల్లో 'స్ట్రాంగ్లీ' కి ఒక్క చోటా పని లేదు. అది అభిప్రాయాల మాట: బిలీవ్, సపోర్ట్, అపోజ్, కండెమ్, రెకమెండ్.

'హార్డ్' చెప్పిన రోజే 'హార్డ్లీ' కూడా చెప్పేయాలి. 'ఇట్ రెయిన్డ్ హార్డ్' అంటే వాన దంచికొట్టింది. 'ఇట్ హార్డ్లీ రెయిన్డ్' అంటే పడీ పడనట్టు పడింది. 'లీ' తగిలిస్తే క్రియావిశేషణం అయిపోతుందన్న సూత్రం నమ్ముకున్నవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

ఇక 'తీవ్రంగా'. మా దగ్గరకొచ్చే వార్తల కాపీల్లో ఎక్కువ దెబ్బతినేది ఇదే. గాయాలకి 'సీరియస్లీ' గానీ 'సివియర్లీ' గానీ. ప్రాణాపాయం ఉందని డాక్టర్లు చెబితేనే 'క్రిటికల్లీ'. ఖండించడానికి 'స్ట్రాంగ్లీ'. ఆరోపణని తోసిపుచ్చడంలో మూడు రకాలున్నాయి: 'వెహిమెంట్లీ డినైడ్' అంటే మనిషి ఆవేశపడ్డాడు. 'క్యాటగారికల్లీ' అంటే ఒక్క మినహాయింపు కూడా లేకుండా కాదన్నాడు, గొంతు పెంచక్కర్లేదు. 'ఫ్లాట్లీ' అంటే వివరణ ఇవ్వకుండా ఒక్క ముక్కలో తేల్చేశాడు. నాలుగు లైన్ల ప్రకటన పంపి ఊరుకున్న నాయకుడికి 'వెహిమెంట్లీ' పెడితే, ఆయన చూపించని కోపం మనం అంటగట్టినట్టు.

వానకైతే అసలు స్వేచ్ఛే లేదు. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మి.మీ. దాకా 'హెవీ', 115.6 నుంచి 204.4 దాకా 'వెరీ హెవీ', 204.5, ఆపైన 'ఎక్స్‌ట్రీమ్లీ హెవీ'. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచెత్తిన నాటి వార్తల్లాంటివి తర్జుమా చేసేటప్పుడు, ఊపులో 'ఎక్స్‌ట్రీమ్లీ' తగిలిస్తే అది వర్ణన కింద రాదు, తప్పు అంకె కింద వస్తుంది.

కోర్టు తర్జుమా (గుంటూరు)
'ఫోర్స్‌ఫుల్లీ', 'ఫోర్సిబ్లీ' ఇంకా ఎవరూ ఎత్తలేదు. వాదనలో పస ఉంటే 'ఫోర్స్‌ఫుల్లీ'. ఇల్లు ఖాళీ చేయించడం, తాళం పగలగొట్టి లోపలికి చొరబడడం 'ఫోర్సిబ్లీ'. ఇందులో బలప్రయోగం ఉంది, కాబట్టి అది ఆరోపణే. ఎవరు, ఎప్పుడు, ఎలా అన్నది పక్క వాక్యంలో లేకపోతే ఎదుటి ప్లీడరు మొదట పట్టుకునేది దాన్నే.

'బలవంతంగా సంతకం పెట్టించుకున్నారు' అన్నదాన్ని 'హీ ఫోర్సిబ్లీ సైన్డ్' అని రాస్తారు. బలవంతం చేసింది సంతకం పెట్టినాయనే అన్నట్టు తయారవుతుంది. ఇక్కడ క్రియావిశేషణం వదిలేసి 'హీ వాజ్ ఫోర్స్‌డ్ టు సైన్' అనాలి. గాయాలకి 'గ్రీవస్లీ' కూడా అలంకారంగా వాడకండి. 'గ్రీవస్ హర్ట్' కి భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్లో నిర్వచనం ఉంది, ఆ లెక్కకు సరిపడే గాయమైతేనే ఆ మాట.

మిర్చి ఎక్స్‌పోర్ట్ (గుంటూరు)
కొటేషన్లలో కనిపించే తప్పులు నా వంతుగా కొన్ని. 'హైలీ పంజెంట్' సరే, 'హైలీ హాట్' కుదరదు. 'హైలీ' వెంట వచ్చేవి అంచనా వేసే మాటలు, గుణం చెప్పే కాస్త బరువైన మాటలు: క్వాలిఫైడ్, అన్‌లైక్లీ, ఫ్లేమబుల్, కాంపిటీటివ్. హాట్, బిగ్, హ్యాపీ లాంటి పొట్టి మాటలకి 'వెరీ' చాలు. రంగుకి 'డీప్ రెడ్' అనాలి, 'డీప్లీ రెడ్' అనకూడదు. తేజ రకం మిర్చి సన్నం రకం కంటే ఘాటు అని చెప్పాలంటే 'మచ్ హాటర్' లేదా 'ఫార్ హాటర్'. 'వెరీ హాటర్' అని రాస్తే కొనేవాడు నవ్వుకుంటాడు. 'టూ హాట్' అంటే తినలేనంత కారం. సరుకు పొగుడుతున్నామనుకుని తిట్టిపోసినట్టు.

పటమట
'వెరీ', 'అబ్సల్యూట్లీ' తేడాకి చిన్న పరీక్ష ఉంది. ఆ గుణం కొంచెం, ఎక్కువ అని కొలవగలిగితే 'వెరీ': వెరీ టైర్డ్, వెరీ యాంగ్రీ. మాటలోనే చివరి అంచు ఉంటే 'అబ్సల్యూట్లీ': ఎగ్జాస్టెడ్, ఫ్యూరియస్, ఇంపాజిబుల్. 'అట్టర్లీ' మన 'బొత్తిగా' లాంటిది, చాలావరకు చెడ్డవైపే మొగ్గుతుంది. 'బొత్తిగా పనికిరాడు' అంటాం గానీ 'బొత్తిగా మంచివాడు' అనం కదా.

క్షమాపణ లేఖలకి ఒక మాట. ఆఫీసు తరఫున రాస్తే 'డీప్లీ రిగ్రెట్'. 'బిటర్లీ రిగ్రెట్' లో మనిషి లోపల కుమిలిపోతున్నాడు, లెటర్‌హెడ్ మీద అది అతకదు. 'హైలీ రిగ్రెట్' అసలు లేదు. మన సెలవు చీటీల్లోని 'హైలీ ఆబ్లైజ్డ్' ఇక్కడ ఎవరూ తప్పు పట్టరు, బయటివాళ్లకి మాత్రం పాతకాలం వాసన వేస్తుంది.

న్యూస్ డెస్క్ (విజయవాడ)
అనుమానం వచ్చిన జంటని గూగుల్ ఎన్‌గ్రామ్ వ్యూయర్‌లో చూసుకోండి. 'స్ట్రాంగ్లీ డినై', 'వెహిమెంట్లీ డినై' కామాతో విడదీసి కొడితే పుస్తకాల్లో ఏది ఎంత వాడారో గీతలుగా వస్తుంది. ఏ మాట వాడాలో తెలియకపోతే క్రియకి ముందు స్టార్ గుర్తు, అండర్‌స్కోర్, ఏడీవీ (క్రియావిశేషణానికి గుర్తు) అని పెద్దక్షరాల్లో కలిపి కొట్టండి (*_ADV), ఎక్కువగా వచ్చేవి పది చూపిస్తుంది. 'నెవర్', 'నాట్' లాంటివీ మధ్యలో దూరొచ్చు, వాటిని వదిలేయండి. అచ్చులో ఉన్న వాడుక అది, నోటి వాడుకకి సాక్ష్యం కాదు.

బ్రాడీపేట టీచర్ (గుంటూరు)
వర్క్‌షీటుకి వాక్యాలు కూర్చాను, సరిచూడండి. 'మాకు నీళ్లు అర్జంటుగా కావాలి': 'వి బ్యాడ్లీ నీడ్ వాటర్'. 'సీసాని గట్టిగా కుదుపు': 'షేక్ విగరస్లీ ద బాటిల్'. 'డెల్టా రైతులు కాలువ నీటి మీదే ఎక్కువగా ఆధారపడతారు': 'డిపెండ్ హెవీలీ ఆన్ కెనాల్ వాటర్'.

పటమట
ఒకటీ మూడూ బాగున్నాయి. రెండోదాంట్లో మాట సరైందే, చోటు తప్పింది. క్రియకీ కర్మకీ మధ్య దూర్చకూడదు: 'షేక్ ద బాటిల్ విగరస్లీ'. మూడోదాంట్లో 'డిపెండ్' పక్కనే పెట్టినా తప్పు కాలేదు, ఎందుకంటే మధ్యలో 'ఆన్' ఉంది. ఈ రెండు వాక్యాలూ షీట్లో పక్కపక్కన వేయండి, పిల్లలకి తేడా వాళ్లంతట వాళ్లకే కనిపిస్తుంది.