సెల్లార్‌లో కారు కదలట్లేదు, జంప్ స్టార్ట్ (వేరే కారు బ్యాటరీకి కేబుళ్లు కలిపి స్టార్ట్ చేయడం) తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

అందరికీ నమస్కారం. ఊరెళ్లి వచ్చేసరికి మా పెట్రోల్ కారు బ్యాటరీ డౌన్ అయింది. తాళం తిప్పితే టకటకమని చప్పుడు, డ్యాష్‌బోర్డు లైట్లు మిణుకుమని ఆరిపోతున్నాయి. మల్టీమీటర్ పెడితే 10.8 వోల్టులు చూపిస్తోంది. ఆటోమేటిక్ గేరు కాబట్టి తోసి స్టార్ట్ చేసే దారి లేదు. పైగా సెల్లార్, టోయింగ్ బండి లోపలికి దూరదు.

పక్క ఫ్లాట్ అన్నయ్యగారు తన డీజిల్ కారు ఇస్తానన్నారు. రెండూ 12 వోల్టులే కానీ ఆయన బ్యాటరీ బాగా పెద్దది. దానివల్ల మా కారు ఎలక్ట్రానిక్స్‌కి ఏమైనా అవుతుందా?

ఎర్ర కేబుల్ ప్లస్ నుంచి ప్లస్‌కి, అంతవరకు ఓకే. నల్లదాని రెండో కొస మాత్రం నా బ్యాటరీ మైనస్‌కి కాకుండా, ఇంజిన్ మీద రంగు లేని బోల్టుకి పెట్టాలట, బ్యాటరీ దగ్గర నిప్పురవ్వ లేవకుండా. ఇక్కడ చూస్తే అన్నీ ప్లాస్టిక్ మూతలే! ఏ బోల్టు వెతకాలి? ప్లస్ టెర్మినల్ మీద తెల్లటి పొడి పేరుకుని ఉంది, ముందే గీకేయాలా? స్టార్ట్ అయ్యాక ఎంతసేపు నడిపితే ఛార్జ్ నిలుస్తుంది?

మెకానిక్ అయితే బండి చూడకుండానే కొత్త బ్యాటరీ వేయించమంటున్నాడు. పొద్దున్నే అమ్మని హాస్పిటల్‌కి తీసుకెళ్లాలి, అదీ టెన్షన్.